కాన్ఫరెన్స్‌లో నెట్ లేకున్నా కాంటాక్ట్ ఇచ్చే చిట్కా

బ్రేక్‌లో ఎవరితోనో మాట బాగా కలుస్తుంది. తీరా వివరాలు ఇచ్చుకుందామంటే హాల్లో వందలమంది ఒకే వైఫై మీద ఉంటారు, ప్రొఫైల్ పేజీ తెరుచుకోదు.

నేనిప్పుడు వాడుతున్న పద్ధతి ఇది. క్యూఆర్ కోడ్ చేసే టూల్‌లో లింక్ బదులు వీకార్డ్ (ఫోన్ కాంటాక్ట్‌గా సేవ్ అయ్యే వివరాల కార్డు) ఎంచుకోండి. పేరు, మెయిల్, సైట్ అడ్రస్ చాలు. వివరాలన్నీ ఆ కోడ్‌లోని నల్ల-తెల్ల గళ్లలోనే ఉంటాయి కాబట్టి, అవతలివాళ్లు స్కాన్ చేసి సేవ్ కొడితే నెట్ లేకున్నా వాళ్ల ఫోన్‌లో సేవ్ అయిపోతుంది. అసలు ఉపయోగం మాత్రం నోట్ అనే గడిలో ఉంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. అక్కడ కాన్ఫరెన్స్ పేరు, మీరు చేసే పని ఒక్క ముక్కలో రాయండి: "Frontend, accessibility work, looking for a new job" అన్నట్టు. రెండు నెలల తర్వాత మీరు మెయిల్ పెడితే, ఎవరబ్బా అనుకోకుండా కాంటాక్ట్ తెరిచి చూసుకుంటారు. ప్రతి కాన్ఫరెన్స్‌కీ ఆ నోట్ మార్చి కొత్త కోడ్ చేసి, లాక్ స్క్రీన్ మీద పెట్టుకోవడమే. ఫోన్ నంబర్ నేనైతే పెట్టను, లాక్ స్క్రీన్ ఎవరైనా చూడొచ్చు కదా.

మొత్తం 150 అక్షరాలు దాటనివ్వకండి, నోట్ ఇంగ్లిష్‌లోనే రాయండి. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు అక్షరం ఒక్కోటి కనీసం మూడు బైట్లు తింటుంది, దాంతో కోడ్‌లో గళ్లు ఎక్కువై, చిన్నవైపోయి కెమెరాకి అందవు. నల్ల గళ్లు, తెల్ల నేపథ్యం, చుట్టూ ఖాళీ అంచు ఉండాలి. రంగులు తిరగేస్తే కొన్ని ఫోన్లు చదవవు.

డైనమిక్ కోడ్ మాత్రం తీసుకోవద్దు. అందులో వివరాలు ఉండవు, ఒక లింక్ మాత్రమే ఉంటుంది; అది టూల్ వాళ్ల సర్వర్ మీదుగా వెళ్తుంది, నెట్ లేకపోతే పనిచేయదు.