ఇంగ్లీషులో ‘ఇట్స్’ రాసేటప్పుడు పైన కామా పెట్టాలా వద్దా?

మెయిల్ రాస్తూ ‘ఇట్స్’ దగ్గరికి వచ్చేసరికి అపాస్ట్రఫీ, అదే పైన పెట్టే కామా, పెట్టాలా వద్దా అని ప్రతిసారీ ఆగిపోయేదాన్ని. ఇప్పుడు ఆ మాటను మనసులో తెలుగులో అనుకుని చూస్తున్నాను.

‘దాని’, ‘తన’ అని వస్తే కామా వద్దు. ‘అది’, ‘ఇది’ అని వస్తే పెట్టాలి. ‘ద డాగ్ హర్ట్ ఇట్స్ లెగ్’ అంటే కుక్క తన కాలికి దెబ్బ తగిలించుకుంది, కాబట్టి కామా లేదు. ‘ఇట్స్ మై బ్యాగ్’ అంటే ఇది నా సంచి, కామా ఉంది.

‘యువర్’, ‘దెయిర్’, ‘హూజ్’ కూడా అంతే. మీ, వాళ్ళ, ఎవరి అని అర్థం వస్తే కామా లేని స్పెల్లింగు. మీరు, వాళ్ళు, ఎవరు అని వస్తే కామా ఉన్నది. మన విభక్తే పని చేసిపెడుతుంది!

ఒక్కచోట మాత్రం కుదరదు. ‘ఇట్స్ రెయినింగ్’ అంటే వాన పడుతోంది; ‘ఇట్స్ బీన్ టూ డేస్’ అంటే రెండు రోజులైంది. తెలుగులో ‘అది’ రాదు, ‘దాని’ కూడా రాదు. అలాంటప్పుడు ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హాజ్’ అనో విడదీసి చదవండి. వాక్యం అతికితే కామా పెట్టేయండి.

ఇది సర్వనామాలకే. పేర్లకు వాడకండి. ‘రవి పుస్తకం’ అన్నప్పుడు రవి తర్వాత కామా, ఎస్ రెండూ ఉండాల్సిందే.