56 గళ్ళ చార్టు: ఇండియన్ విమెన్స్ లీగ్ సీజన్‌ను హైదరాబాద్ నుంచి అనుసరించడం ఎలా?

భారత ఫుట్‌బాల్ జట్టుకు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టి, 1956 ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా నడిపించిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాద్ వారు. అయినా 2024-25లో దేశంలోని మహిళల ఫుట్‌బాల్ లీగ్ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్ మొదటి అంచెలో ఆడిన ఎనిమిది జట్లలో తెలుగు నేలకు చెందినది ఒక్కటీ లేదు. సొంత జట్టు లేని ఊళ్ళో సీజన్‌ను అనుసరించడం కష్టమే. ఒక మ్యాచ్ ఫోన్‌లో చూస్తాం, తర్వాతి మూడు తప్పిపోతాయి, మార్చి వచ్చేసరికి ఎవరు ఎక్కడున్నారో తెలియక మొత్తం వదిలేస్తాం. రామంతాపూర్‌లోని ఒక మైదానంలో సాయంత్రాలు ఆడపిల్లలకు ఆట నేర్పుతూ, వాళ్ళతో కలిసి నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఒకటుంది. ఇంట్లోనైనా, బడిలోనైనా ఎవరైనా దాన్ని పాటించవచ్చు.

సీజన్ మొదలయ్యే ముందే దాని ఆకారం తెలుసుకోవాలి. 2016-17లో ప్రారంభమైన ఈ లీగ్ చివరి దశ పోటీలు చాలా ఏళ్ళపాటు ఒకే చోట, కొద్ది వారాల్లో ముగిసిపోయేవి. 2023-24లో జట్లు సొంత మైదానంలో ఒకసారి, ప్రత్యర్థి మైదానంలో ఒకసారి తలపడే పద్ధతి వచ్చింది. ఏర్పాట్లు ఏటా ఒకేలా ఉంటాయని అనుకోకూడదు కనుక, జట్లు ఎన్ని, మ్యాచ్‌లు ఎక్కడెక్కడ, కింది అంచెకు దిగిపోయే జట్లు ఎన్ని అనే మూడు సంగతులను షెడ్యూల్ వెలువడిన రోజే రాసి పెట్టుకోవాలి. సమాన పాయింట్లు వచ్చినప్పుడు గోల్స్ తేడాను ముందు చూస్తారా, ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌ల ఫలితాన్ని ముందు చూస్తారా అన్నది కూడా నిబంధనల్లో చూసుకోవాలి. ఏప్రిల్‌లో దాని కోసం వెతుక్కోవడం కన్నా జనవరిలో రాసుకోవడం సులభం.

ఇక అసలు పనిముట్టు చార్టు. ఒక తెల్ల చార్టు కాగితం మీద స్కేలుతో అడ్డంగా తొమ్మిది, నిలువుగా తొమ్మిది వరుసలు గీయండి. మొదటి నిలువు వరుసలో, మొదటి అడ్డ వరుసలో ఎనిమిది జట్ల పేర్లు ఒకే క్రమంలో రాయండి. 2024-25 పేర్లే తీసుకుంటే అవి ఈస్ట్ బెంగాల్, గోకులం కేరళ, శ్రీభూమి, కిక్‌స్టార్ట్, సేతు, నీతా, ఒడిశా, హాప్స్. అడ్డ వరుస ఆతిథ్య జట్టుది, నిలువు వరుస వచ్చిన జట్టుది. ఏ జట్టూ తనతో తాను ఆడదు కాబట్టి మూల నుంచి మూలకు ఏటవాలుగా పడే ఎనిమిది గళ్ళను పెన్సిల్‌తో నల్లగా నింపేయాలి. 64లో ఎనిమిది పోగా మిగిలిన 56 గళ్ళే ఆ సీజన్ మొత్తం. మా పిల్లల్లో ఒకమ్మాయి గళ్ళు గీస్తూ గీస్తూ, ఈ నల్లని ఏటవాలు గీత మీద కాగితాన్ని మడిస్తే ఒకే జంట ఆడిన రెండు మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి పడతాయని తనే కనిపెట్టింది. రెండు జట్ల ముఖాముఖి లెక్కను అంతకంటే తేలికగా చూపించే దారి నాకు ఇప్పటికీ తెలియదు. మ్యాచ్‌లన్నీ ఒకే చోట జరిగే ఏడాదైతే, షెడ్యూల్‌లో ముందు రాసిన జట్టును ఆతిథ్య జట్టుగా లెక్క వేసుకుంటే సరిపోతుంది.

మ్యాచ్ ముగిసిన రోజే గడి నింపాలి. స్కోరును నీలి సిరాతో రాసి, ఆతిథ్య జట్టు గెలిస్తే ఆకుపచ్చ చుక్క, ఓడితే ఎర్ర చుక్క పెట్టి, డ్రా అయితే చుక్క పెట్టకుండా వదిలేయాలి. నెల తిరిగేసరికి సొంత మైదానంలో బలంగా ఉండి బయట తడబడే జట్టేదో రంగులే చెబుతాయి.

మొదటి ఏడాది నేను ప్రతి ఆదివారం పాయింట్ల పట్టికను మాత్రమే రాసుకుని, పైనున్న జట్టే ముందంజలో ఉందని పిల్లలకు చెప్పి పొరపడ్డాను. ఆ జట్టు తక్కినవాటి కంటే రెండు మ్యాచ్‌లు ఎక్కువ ఆడేసిందన్న సంగతి నేను గమనించలేదు. అప్పటి నుంచి వచ్చిన పాయింట్లతో పాటు పోయిన పాయింట్లను కూడా లెక్కిస్తున్నాను. ఎనిమిది జట్ల సీజన్‌లో ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు, గెలుపుకు మూడు చొప్పున గరిష్ఠంగా 42 పాయింట్లు. డ్రా అయితే రెండు పోతాయి, ఓడితే మూడు పోతాయి. ఉదాహరణకు, 11 మ్యాచ్‌లలో 22 పాయింట్లున్న జట్టు 11 పోగొట్టుకుంది, 9 మ్యాచ్‌లలో 20 ఉన్న జట్టు పోగొట్టుకున్నది 7 మాత్రమే. పట్టికలో కింద కనిపిస్తున్న రెండో జట్టు చేతిలోనే దాని భవిష్యత్తు ఉంది.

చూడటం విషయానికి వస్తే, అన్ని మ్యాచ్‌లూ చూడాలన్న పట్టుదల వద్దు. జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా సాగిన 2024-25 వంటి సీజన్‌లో సంక్రాంతి సెలవులు, ఇంటర్ పరీక్షలు, పదో తరగతి పరీక్షలు అన్నీ మధ్యలోనే వస్తాయి. వారానికి ఒక్క మ్యాచ్ ఎంచుకుని పూర్తిగా చూడండి. మొదటి అర్ధభాగంలో బంతిని అనుసరించండి, రెండో అర్ధభాగంలో బంతిని వదిలి ఒకే క్రీడాకారిణిని గమనించండి. మాకు ఆ క్రీడాకారిణి నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య. బంతి తన దగ్గర లేనప్పుడు ఆమె ఎక్కడ నిలబడుతుంది, రక్షణ వరుస వెనుక ఖాళీ కోసం ఎప్పుడు కదులుతుంది, బంతి చేజారితే వెనక్కి ఎంత దూరం పరుగెత్తుతుంది అన్న మూడు ప్రశ్నలకు పిల్లలు తలా ఒక వాక్యం రాస్తారు. ఇది మా శిక్షణలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించే పని. ఎందుకంటే తొంభై నిమిషాల్లో ఏ క్రీడాకారిణి కాళ్ళ దగ్గరైనా బంతి ఉండేది కొద్ది నిమిషాలే, మిగతా ఆటంతా బంతి లేకుండానే సాగుతుంది.

గోల్స్ వేసినవారి జాబితాను చార్టు వెనుక వైపు రాయండి, కానీ దానితో ఫలితాన్ని ఊహించకండి. 2024-25లో గోకులం కేరళ తరఫున ఉగాండా క్రీడాకారిణి ఫజీలా ఇక్వాపుట్ 24 గోల్స్ వేసి అందరికంటే ముందు నిలిచినా, ఆ జట్టు రెండో స్థానంతోనే సరిపెట్టుకుంది.

ఆ చార్టులో ఈస్ట్ బెంగాల్ అడ్డ వరుస, ఒడిశా నిలువు వరుస కలిసే గడిని మా పిల్లలు రెండుసార్లు చుట్టి గీశారు. 2025 ఏప్రిల్‌లో జరిగిన ఆ మ్యాచ్‌లో 67వ నిమిషంలో సౌమ్య వేసిన ఒకే ఒక్క గోల్‌తో ఈస్ట్ బెంగాల్ గెలిచి, టైటిల్‌ను ఖాయం చేసుకుంది. ఓడిన ఒడిశా అంతకు ముందు ఏడాది ఛాంపియన్. అదే జట్టు ఆ సీజన్ ముగిసేసరికి కింది అంచెకు దిగిపోయింది. అందుకే పట్టిక అడుగున ఉన్న జట్ల గళ్ళను కూడా పై జట్ల గళ్ళంత శ్రద్ధగా నింపాలని చెబుతాను. చివరి వారాల్లో అసలైన పోరాటం తరచుగా అక్కడే జరుగుతుంది.

56వ గడి నిండిన తర్వాత చార్టును చుట్ట చుట్టి పక్కన పెట్టేయకండి. ఛాంపియన్‌కు ఆసియా మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడే అవకాశం వస్తుంది. ఈస్ట్ బెంగాల్ 2025 ఆగస్టులో కంబోడియాలో ప్రాథమిక దశ దాటి, నవంబరులో చైనాలోని వుహాన్‌లో గ్రూప్ దశ ఆడింది. ఆ ఫలితాలకు కాగితం కింది అంచున నాలుగు వేళ్ళ వెడల్పు చోటును మొదటి రోజే వదిలి గీయడం మొదలుపెట్టండి.