పాత కాగితాల్లో మన ఊరు – 3: ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది?

పోయిన పాఠంలో, పాత పుస్తకాల స్కాన్‌లు దొరికే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరు వెతికి చూడమన్నాను. చాలామందికి ఏమీ దొరికి ఉండదు. ఊరు అందులో లేదని అనుకోకండి. దొరగారి గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు, మనమేమో ఇప్పటి పేరుతో పిలుస్తున్నాం.

ఈసారి బందరుతో, అంటే మచిలీపట్నంతో సాధన చేద్దాం. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతో పాటు సముద్రం ఊరి మీద పడింది. సుమారు ముప్పై వేల మంది పోయారని లెక్క. ఆ ఉప్పెన గురించి చదవాలంటే ముందు 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్, అంటే దొరల కాలంలో జిల్లా వివరాలు కూర్చిన పుస్తకం, తెరవండి. ఇంగ్లీషులో ‘కృష్ణా’ అని కొడితే రాదు, ‘కిస్ట్నా’ అనాలి. మచిలీపట్నం ‘మసూలిపటం’, ఏలూరు ‘ఎల్లోర్’, కాకినాడ ‘కోకనాడ’. ఒక్కో పేరుకు కనీసం మూడు నాలుగు రూపాలు కాగితం మీద రాసి పెట్టుకుని ఒక్కొక్కటే ప్రయత్నించండి. ‘సైక్లోన్’ ఒక్కటే కాదు, ‘స్టార్మ్ వేవ్’ అని కూడా వెతకండి. అయినా రాకపోతే స్కాన్‌లోని అక్షరాన్ని యంత్రం తప్పు చదివి ఉంటుంది. అప్పుడిక విషయసూచిక తెరిచి పేజీలు తిప్పడమే. నా మటుకు నాకు వెతికిన దానికన్నా అలా తిప్పుతూ తగిలినవే ఎక్కువ.

ఈ పుస్తకం రాసింది గోర్డన్ మెకంజీ. కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు రాసిన పాత కాగితాలు, సేకరించిన కాలిన్ మెకంజీ వేరు, ఆయన 1821లోనే పోయాడు. ఇద్దర్నీ కలిపేసిన వ్యాసాలు కనబడితే జాగ్రత్త.

ఇక అసలు చిక్కు ఏడాదిది. మన పెద్దవాళ్లు అంకెలు చెప్పరు, ‘నందన కరువు’, ‘ధాత కరువు’ అంటారు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి తెలిసిన ఏడాది ఒకటి పట్టుకుని అరవైలు తీసేస్తూ పోవాలి. 2012 ఉగాదికి వచ్చింది నందన. మూడు అరవైలు తీస్తే 1832. గుంటూరు సీమను ఊడ్చేసిన కరువు అదే. 1996లో వచ్చిన ధాత నుంచి రెండు అరవైలు తీస్తే 1876. ఉగాది ముందు నెలలు తర్వాతి ఇంగ్లీషు ఏడాదిలో పడతాయని మాత్రం మరవకండి.

రెవెన్యూ కాగితాల్లో కనిపించేది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు ఏడాది వస్తుంది. బందరు ఉప్పెన ఫసలీ 1274లో వచ్చింది, కలిపితే 1864. మద్రాసు వైపు ఫసలీ జులైలో మొదలయ్యేది, నిజాం రాజ్యంలో అజుర్ నెలతో, అంటే అక్టోబరులో. కాబట్టి కాగితం ఎక్కడిదో, ఏ నెలదో కూడా చూశాకే ఏడాది తేల్చండి. శక సంవత్సరం కనిపిస్తే 78 కలపాలి.

దొరికిన చోట రెండు నంబర్లు రాసుకోండి: పుస్తకంలో అచ్చయిన పేజీ, తెర మీద చూపే బొమ్మ సంఖ్య. ఈ రెండూ చాలాసార్లు కలవవు.

వచ్చే పాఠానికి ఇంట్లో పాత దస్తావేజు ఒకటి వెతికి, దాని మీది ఫసలీని లేదా సంవత్సరం పేరును లెక్కగట్టి తెచ్చుకోండి. కైఫీయతుల్లోకి అక్కణ్నుంచి దిగుదాం.