ఇంకు ఎక్కించే ముందు ఫిల్మ్ ట్రీట్‌మెంట్ చూసుకోవడం ఎలా

పాలిథీన్ ఫిల్మ్‌కి ఇంకు పట్టేలా దాని పైభాగాన్ని కరెంటుతో సిద్ధం చెయ్యడాన్నే ట్రీట్‌మెంట్ అంటారు, అది ఎంతుందో డైన్ అనే అంకెలో చెబుతారు. రోలు లేబుల్ మీద ట్రీట్‌మెంట్ 40 అని ఉన్నా నేను నమ్మను. అది ఫిల్మ్ తీసిన రోజు లెక్క. మన మిషన్ ఎక్కే నాటికి ఎంతుందో మనమే చూసుకోవాలి.

పై చుట్లు రెండు మూడు తీసెయ్యండి, దుమ్మూ చేతి జిడ్డూ వాటికే ఉంటాయి. లోపలి ఫిల్మ్‌ని వేళ్లు తగలకుండా గాజు పలక మీద పరచండి. 38 డైన్ ద్రావణంలో, అంటే ఆ అంకెకి తయారుచేసిన పరీక్ష ద్రవంలో, దూదిపుల్ల ముంచి పల్చగా ఒక గీత గీసి, రెండు సెకన్లు చూడండి. గీత అలాగే నిలిచిందా, 40తో చూడండి. అంచులు లోపలికి ముడుచుకుని చుక్కలుగా విడిపోయిందా, 36కి దిగండి. అరనిమిషం తర్వాత ముడుచుకుంటే పట్టించుకోవద్దు. ఎడమ, మధ్య, కుడి మూడుచోట్లా చూడాలి. వాడిన పుల్ల మళ్లీ సీసాలో పెట్టారో, సీసా మొత్తం పాడు. ద్రావణంలో ఫార్మమైడ్ ఉంటుంది కాబట్టి గ్లౌజులు తప్పనిసరి. గర్భిణులు అసలు దాని జోలికే పోకూడదు.

అంకె ఎందుకు పడిపోతుందంటారా? పాలిథీన్‌లో ఉన్నది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. ట్రీట్ చెయ్యని ఫిల్మ్ 31 దగ్గరే ఉంటుంది, ఇంకు పట్టదు. ఫిల్మ్ మీద హై వోల్టేజీ కరెంటు వదిలే యంత్రం, అంటే కరోనా ట్రీటర్, కింద పోయినప్పుడు పైపైన, కొన్ని నానోమీటర్ల మేర, ఆక్సిజన్ అతుక్కుంటుంది. ఇంకు పట్టుకునేది దాన్నే. కానీ పాలిథీన్ అణువుల పొడవాటి గొలుసులు కుదురుగా ఉండవు, రోజులు గడిచేకొద్దీ ఆక్సిజన్ ఉన్న కొసలు లోపలికి తిరిగిపోతాయి. దానికితోడు ఫిల్మ్ సులువుగా జారడానికి అందులో కలిపిన స్లిప్, అంటే ఎరుకమైడ్ లాంటిది, పైకి తేలుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో రోళ్లు పేరిస్తే ఈ రెండూ ఇంకా తొందరగా జరుగుతాయి.

అంకె తగ్గింది కదా అని ట్రీటర్ పవర్ ఇష్టమొచ్చినట్టు పెంచొద్దు. గొలుసులు తెగి చిన్న చిన్న ముక్కలు పైన పేరుకుంటాయి. డైన్ 46 చూపిస్తుంది, ఇంకు మాత్రం టేపు అంటించి లాగితే దాంతో పాటు లేచొస్తుంది. అనుమానం వస్తే నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక మళ్లీ కొలవండి. అంకె బాగా పడిపోతే అది ఆ ముక్కల పనే, పవర్ తగ్గించండి.

ఒకసారి ట్రీట్ అయ్యి తగ్గిన ఫిల్మ్‌ని ప్రింటింగ్ మిషన్ మీదే కొద్దిగా మళ్లీ ట్రీట్ చేస్తే అంకె లేస్తుంది. అసలు ట్రీట్‌మెంట్ లేకుండా వచ్చి, స్లిప్ తేలిన పాత రోలుతో కుస్తీ పట్టకండి, సప్లయర్‌కి తిప్పి పంపండి.