దూడకు పాలు మాన్పించే ముందు పెద్ద పొట్ట సిద్ధమైందో లేదో తెలుసుకోవడం ఎలా?

హైదరాబాద్ చుట్టూ ఘట్‌కేసర్, శామీర్‌పేట, శంషాబాద్ వైపు పాడి చేసేవారికి పాలు పూటపూటకూ డబ్బు తెచ్చే సరుకు కనుక, దూడ తాగే ప్రతి లీటరూ నష్టంగానే కనిపిస్తుంది. నేనూ మొదట్లో ఒక జెర్సీ సంకర దూడకు నాలుగో వారంలోనే పాలు ఆపివేసి, గడ్డి కొరుకుతోంది కదా అని ధీమాగా ఉన్నాను. రెండు వారాలు తిరిగేసరికి దాని పొట్ట కుండలా ఉబ్బింది, వెన్నుపూసలు తేలాయి, వెంట్రుకలు నిగారింపు పోయి గరుకుబారాయి. దూడ గడ్డి కొరకడం వేరు, దాన్ని అరిగించుకోగలగడం వేరు అని నాకు అప్పుడే తెలిసింది.

పుట్టినప్పుడు దూడ కడుపులో నాలుగు అరలూ ఉంటాయి గానీ, పనిచేసేది నాలుగోదైన నిజ జఠరం ఒక్కటే. మొత్తం పరిమాణంలో అదే దాదాపు 60 శాతం. దూడ పాలు తాగేటప్పుడు అన్నవాహిక చివరనున్న గాడి గొట్టంలా ముడుచుకొని పాలను నేరుగా అక్కడికే చేరుస్తుంది. మేతను పులియబెట్టే మొదటి అర అయిన పెద్ద పొట్ట (రూమెన్) అప్పటికి పలుచని సంచి మాత్రమే. దానిని ఎదిగించేది వయసు ఒక్కటే కాదు, ముఖ్యంగా దాణా. దాణాలోని పిండిపదార్థాన్ని సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడు వెలువడే బ్యుటిరిక్ ఆమ్లం వల్ల పొట్ట లోపలి గోడకు బుడిపెలు మొలుస్తాయి. పోషకాలను పీల్చుకొనేది ఆ బుడిపెల ద్వారానే. ఎండుగడ్డి సంచిని సాగదీసి కండరాలకు బలమిస్తుంది గానీ, బుడిపెల ఎదుగుదలకు అంతగా తోడ్పడదు. పాలు మాత్రమే తాగిన దూడ పొట్టను కోసి చూస్తే లోపలి గోడ పాలిపోయి నున్నగా ఉంటుంది. దాణా తిన్న దూడది ముదురు రంగులో, టర్కీ తువాలు మీది పోగుల్లా చేతికి తగులుతుంది.

కాబట్టి పుట్టిన రెండు గంటల్లోపే ముర్రుపాలు పట్టి, మొదటి వారం నుంచే దూడ దాణాను అలవాటు చేయాలి. పాలు తాగిన వెంటనే, మూతి ఇంకా చప్పరిస్తుండగానే, చిటికెడు దాణా నోట్లో పెడితే త్వరగా రుచి మరుగుతుంది. మిగిలిన దాణాను ఏ రోజుకారోజు తీసివేసి తాజాది వేయాలి. నీటి విషయంలో చాలామంది పొరబడతారు: పాలలో నీరు ఉంది కదా అనుకుంటారు, కానీ పాలు పెద్ద పొట్టను దాటిపోతాయి. విడిగా తాగిన నీరే అందులోకి చేరి సూక్ష్మజీవులకు ఆధారమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పైకప్పు ట్యాంకు నీరు మధ్యాహ్నానికి కాగిపోతుంది గనుక నీడలో తొట్టి పెట్టడం మంచిది.

పాలు మాన్పించే రోజును క్యాలెండరు చూసి కాక, తూకం చూసి నిర్ణయించాలి. సంకర జాతి దూడ వరుసగా మూడు రోజులు రోజుకు సుమారు కిలో దాణా తింటే పెద్ద పొట్ట సిద్ధమైనట్టు లెక్క. సాధారణంగా ఇది ఎనిమిదో వారం ప్రాంతంలో జరుగుతుంది. పాలు ఎక్కువగా తాగే దూడ దాణా మీదికి ఆలస్యంగా వస్తుంది కనుక దానికి మరికొంత గడువు ఇవ్వాలి. ఆ తరువాత పది నుంచి పద్నాలుగు రోజుల వ్యవధిలో పాలను కొద్దికొద్దిగా తగ్గించాలి. అదే వారంలో కొమ్ములు కాల్చడం, కొట్టం మార్చడం వంటి పనులు పెట్టుకోరాదు.

బర్రె చేపడానికి, అంటే పొదుగులోకి పాలు దించడానికి, దూడ దగ్గర ఉండాల్సి వస్తుంది కనుక, బర్రె దూడలకు పాలు మాన్పించడం సహజంగానే ఆలస్యమవుతుంది. దానికి తొందరపడనవసరం లేదు. అయితే వాటికి తల్లిపాల ద్వారానే ఏలికపాములు సోకుతాయి కాబట్టి, పదో రోజు నుంచి పదిహేనో రోజులోపు పశువైద్యుడు చెప్పిన మోతాదులో నట్టల మందు తాగించాలి.

పాలు ఆపిన తరువాత వారానికొకసారి ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత తీసి రాసుకోవాలి. కొలత పెరగకపోయినా, పేడ పలుచబడినా సంకోచించక మరో వారం ఒక పూట పాలు తిరిగి పట్టాలి.