కటాఫ్ తప్పుతోందా? ఐసీ మార్చే ముందు ఆ రెండు రెసిస్టర్లు చూడండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పల్లెల నుంచి మెకానిక్ బల్ల మీదికి వచ్చే సోలార్ లైట్లు, స్టెబిలైజర్లలో చాలావాటికి ఐసీ మార్చేస్తుంటారు. తప్పుడు వోల్టేజీ దగ్గర ఆగిపోయే బోర్డులో దోషం చాలాసార్లు ఆ ఐసీకి వోల్టేజీ పంచి ఇచ్చే రెసిస్టర్ల జంటలో ఉంటుంది.

బ్యాటరీలో చార్జి ఉండగానే లైటు ఆరిపోతోంది. లేదా బ్యాటరీ పూర్తిగా పడిపోయినా ఆరడం లేదు

12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీకి కటాఫ్, అంటే లైటు దానంతటదే ఆగాల్సిన వోల్టేజీ, 10.8 దగ్గర కావాలనుకుందాం. పోల్చుకోవడానికి స్థిరమైన వోల్టేజీ (రిఫరెన్సు) ఇచ్చే ఐసీ టీఎల్431, అంటే 2.495 వోల్టులు. రెసిస్టర్ల జంటలో పైన 33కె (33 వేల ఓమ్‌లు), కింద 10కె. మొత్తం 43కెని కింది 10కెతో భాగిస్తే 4.3. 2.495ని 4.3తో గుణిస్తే 10.73 వస్తుంది. రిఫరెన్సు కాలు లాగే సుమారు 2 మైక్రోయాంపుల వల్ల 33కె మీద మరో 0.07 పడుతుంది. మొత్తం 10.8. లెక్క సరిపోయింది.

ఇప్పుడు బంగారు గీత ఉన్న 5 శాతం రెసిస్టర్లు వేయండి. పైది 5 శాతం పెరిగి, కిందిది 5 శాతం తగ్గితే కటాఫ్ 11.66కి ఎక్కుతుంది. అది తిరగబడితే 10.0కి దిగుతుంది. మొదటి దాంట్లో రాత్రి సగంలోనే ఇల్లు చీకటి, రెండో దాంట్లో బ్యాటరీకి చేటు. అవే విలువలు 1 శాతం మెటల్ ఫిల్మ్‌లో వేస్తే 10.63, 10.96 మధ్యే ఉంటుంది. పైగా ఐసీకి కూడా సొంత తేడా ఉంటుంది: మామూలు టీఎల్431కి 2 శాతం, 'ఏ' (A) రకానికి 1, 'బి' (B) రకానికి 0.5. మంచి రెసిస్టర్లు కొని మామూలు ఐసీ వేస్తే డబ్బు సగం వృథా.

పరిష్కారం: 33కె తీసేసి 30కె, 5కె ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్) వరసగా పెట్టండి. సుమారు 10 నుంచి 11.3 వరకు తిప్పుకోవచ్చు. ప్రీసెట్ నడిమి కాలిని ఒక చివరి కాలితో కలిపి టంకం వేయడం మరవొద్దు. దుమ్ముకి నడిమి కాలు పట్టు వదిలితే మొత్తం 5కె సర్క్యూట్లోకి వస్తుంది, కటాఫ్ పైకి పోతుంది, బ్యాటరీ మాత్రం బతుకుతుంది. బెంచ్ సప్లైని 12.5 నుంచి మెల్లగా తగ్గిస్తూ, లైటు ఆరిన అంకె చూసి సరిచేయండి.

1 శాతం సరుకు దొరకలేదా? ఇక్కడ లెక్కకొచ్చేది నిష్పత్తి. 10కె అన్నది మీటర్లో 9.85 చూపిస్తే, పట్టీలోని 33కెలలో 32.5 చూపించేదాన్ని ఏరుకోండి. రెండూ ఒకే రకంవి, పక్కపక్కనే ఉండాలి. వేడికి రెండూ కలిసి మారతాయి, నిష్పత్తి పెద్దగా చెదరదు.

లెక్కకు వచ్చిన విలువ షాపులో లేదు

బరంపురంలో అడిగినా 5కె రెసిస్టర్ మామూలుగా దొరకదు. రెసిస్టర్లు తయారయ్యే ప్రామాణిక విలువల్లో ఈ12 (E12) వరస ఇది: 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82. ఒక్కో మెట్టు ముందుదానికి సుమారు 1.21 రెట్లు. 10 శాతం తేడాతో పక్కపక్క విలువలు దాదాపు తాకేలా కట్టిన వరస. 5 శాతానికి ఈ24 (E24) వరస, 1 శాతానికి ఈ96 (E96). 5కె కావాలంటే 4.7కెతో సరిపెట్టుకోండి, ఈ24లో 5.1కె ఉంది, లేదా రెండు 10కెలు సమాంతరంగా కలపండి. 33.3కె కోసం 5 శాతం 33కెకి 330 ఓమ్‌లు తగిలించడం మాత్రం ఉత్త శ్రమ. ఆ 33కెయే 1.65కె అటూఇటూ ఉండొచ్చు.

ఎల్‌ఈడీకి వరసగా పెట్టేదో, పుల్-అప్‌గా (ఐసీ కాలిని సప్లై వైపు లాగి ఉంచేది) పెట్టేదో అయితే ఇంత లెక్క అక్కర్లేదు, దగ్గరి విలువ వేసేయండి.

కొత్త రెసిస్టర్ వేశాక బోర్డు అసలే పలకడం లేదు

అయిదు గీతలదాన్ని తిరగేసి చదివి ఉంటారు. 1 శాతం 10కె అంటే గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ. వెనక నుంచి చదివితే గోధుమ, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ, అంటే 120 ఓమ్‌లు. రెండూ అసలైన విలువలే, అందుకే అనుమానం రాదు. కింద 10కె బదులు 120 పడితే లైటు ఎప్పటికీ వెలగదు. కాస్త ఎడంగా ఉన్న గీత చివరిది. అది తెలియకపోతే మీటరు పెట్టండి.

మన వైపు ఇంకో చిక్కుంది. ఒడియాలో నాలి అంటే ఎరుపు, కళా అంటే నలుపు. తెలుగు చెవికి నాలి అనగానే నలుపు తోస్తుంది. గోధుమ, నలుపు తర్వాత మూడోది ఎరుపైతే 1కె, నలుపైతే 10 ఓమ్‌లు. షాపులో రంగులు చెప్పకండి, అంకె చెప్పండి.

బోర్డు మీద కొలిస్తే తక్కువ చూపిస్తోంది

పక్కదారిలో కరెంటు పోతోంది. ఒక కాలు పైకి లేపి కొలవండి. బోర్డు మీదే రాసినదానికన్నా బాగా ఎక్కువ చూపిస్తే, కెపాసిటర్లు ఖాళీ చేశాక కూడా అలాగే ఉంటే, ఆ రెసిస్టర్ చెడినట్టే.

వానాకాలంలోనే కటాఫ్ తప్పుతోంది

డివైడర్లో, అంటే వోల్టేజీ పంచే ఆ రెసిస్టర్ల జంటలో, 1 మెగ్ (10 లక్షల ఓమ్‌లు) లాంటి పెద్ద విలువలున్న బోర్డులకి వచ్చే రోగం. తడి పట్టిన ఫ్లక్స్ (టంకం వేశాక మిగిలే జిగురు), దుమ్ము కలిసి 10 మెగ్ దారి వేస్తే 1 మెగ్ కాస్తా 909కె అవుతుంది. 33కె మీద అదే తడి మూడో వంతు శాతం కూడా మార్చదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, ఆరాక లాకర్ (తడి పట్టకుండా కాపాడే వార్నిష్) పూయండి.

స్టెబిలైజర్‌లో మెయిన్స్ వైపు 100కె మాటిమాటికీ తెగిపోతోంది

230 వోల్టుల మీద నేరుగా ఉన్న 100కెలో 0.53 వాట్లు వేడి పుడుతుంది. పావు వాట్ రెసిస్టర్‌కి అది రెట్టింపు భారం. దానికి తోడు పావు వాట్ రకాలు చాలావరకు 250 వోల్టులకే, మెయిన్స్ శిఖరం 325. రెండు 47కెలు, ఒక్కోటి 1 వాట్, వరసగా వేయండి. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, బోర్డు నుంచి 5 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంచండి. చేయి పెట్టేముందు ప్లగ్గు పీకేయండి.