ప్రాసల వారానికి ఒక్క పాట చాలు

కిండర్‌గార్టెన్‌లో ప్రాసల వారం అనగానే రోజుకో కొత్త పాట పెట్టేస్తుంటారు. దానికన్నా నాలుగు పాదాల చిన్న గేయం ఒక్కటే వారమంతా నడపండి. మొదటి రోజు చప్పట్లతో పాడించడం, అంతే. మర్నాడు పాదం చివరి మాట దగ్గర ఆగిపోండి, పిల్లలే అరిచి మరీ పూర్తి చేస్తారు.

ప్రాసను గుర్తుపట్టడం తేలిక, సొంతంగా చెప్పడం కష్టం. అందుకే ముందు బొమ్మలు చూపించి "గంప, దుంప, చేప... వీటిలో కలవనిది ఏది?" అని అడగండి. అది బాగా వచ్చాకే "బల్లికి జత చెప్పు" అనాలి. ఎవరైనా "టల్లి" అన్నా ఒప్పేసుకోండి. అర్థం లేకపోతేనేం, చెవికి ప్రాస అందినట్టే కదా! (నవ్వులు ఎక్కువొచ్చేదీ ఇక్కడే.)

నాలుగో రోజు దాకా అక్షరాల జోలికి వెళ్లొద్దు. అప్పుడు పాటను చార్టు మీద పెద్దగా రాసి, ప్రాస మాటలకు ఒకే రంగు వేసి, పాడుతూ ప్రతి మాట కింద వేలు జరపండి. పాట నోటికొచ్చే ఉంటుంది కాబట్టి చదవడమంటే టెన్షన్ ఉండదు.

నోరు విప్పని పిల్లల్ని బలవంతపెట్టకండి. ప్రాస కుదిరినప్పుడు లేచి నిలబడమంటే చాలు.